పొట్టు కొట్టే చోటు

"ఆవా, ఎండురొయ్యలా?"

పనసకాయ మీద కత్తి పెట్టే ముందు సంపూర్ణమ్మ ఈ ప్రశ్న అడక్కుండా ఉండదు. కొత్తగా వచ్చినవాళ్లు తెల్లబోతారు. పాతవాళ్లు అడక్కముందే చెప్పేస్తారు. ఆవ పెట్టి వండుకునే ఇంటికి పొట్టు సన్నగా, దాదాపు రవ్వలా పడాలి. ఎండురొయ్యలు వేసుకునే ఇంటికి కాస్త పీచు తెలిసేలా బరగ్గా ఉండాలి, లేకపోతే రొయ్యతో కలిసి ముద్దయిపోతుంది. రెండిటికీ ఒకేలా కొట్టి ఇచ్చేవాళ్లని సంపూర్ణమ్మ మనుషుల్లో జమకట్టదు.

"ఇన్నేళ్ల నుంచి వస్తున్నాను, ఇంకా అడగాలా?" అంది మీనాకుమారి. బజారు వీధిలో వాళ్లకి కిరాణా కొట్టుంది. "మా ఇంట్లో ఎండురొయ్య వాసన వస్తే మా అత్తగారు ఇల్లు వదిలి పోతారు."

"అందుకేనండి ఏటేటా అడుగుతున్నాను."

మీనాకుమారి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సంపూర్ణమ్మ నవ్వలేదు, పనిలో ఉంది. అరచేతులకీ కత్తికీ నువ్వులనూనె పట్టించింది. లేతకాయని తొడిమ దగ్గర పట్టుకుని ముళ్లతొక్క చెక్కేసింది. కారుతున్న పాలని పాతగుడ్డతో అద్దేసింది. కాయని చింతమొద్దు మీద నిలబెట్టి, టకటకా గాట్ల మీద గాట్లు పెట్టి, కత్తిని వాలుగా తిప్పి ఒక్క చెక్కు చెక్కింది. పొట్టు గోనెపట్టా మీద పొడిపొడిగా రాలింది. కాయని కాస్త తిప్పి మళ్లీ గాట్లు మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటేనే షెడ్డు ఆ చివర ఉన్నవాళ్లకి కూడా పనస వచ్చిందని తెలుస్తుంది.

పాలకొల్లుకి ఇవతల, కాలవ గట్టున ఉన్న ఆ ఊరి రైతుబజారులో ఇరవై రెండేళ్లుగా సంపూర్ణమ్మ చోటు అదే. ఎడమపక్క ఏసుపాదం. అతని కొబ్బరితోటలో పనసచెట్లున్నాయి. కాయలు అతనివి, కొట్టడం ఈమెది. ఒక కాయ నాలుగిళ్లకి సరిపోతుంది. నలుగురూ పోగయ్యేదాకా కబుర్లు చెప్పుకుంటూ నిలబడతారు, ఎవరి వాటా వాళ్లు పట్టుకుపోతారు. కుడిపక్క పెద్దింట్లమ్మ. కరివేపాకు, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఈ రోజుల్లో అయితే చింతచిగురు. పొట్టు కొన్నవాళ్లు కరివేపాకు కోసం పక్కకి తిరగాల్సిందే గనక, పెద్దింట్లమ్మ ఆకు మధ్యాహ్నందాకా మిగిలేది కాదు. అయినా ఆవిడకి సంపూర్ణమ్మంటే పడదు.

"ఇదిగో, తొక్కలు నా మిరపకాయల్లో పడతన్నాయి!"

"పడలేదు. గాలికి దొర్లాయి."

"నీ గాలి నా వైపే వీత్తదేంటి?"

రోజుకి నాలుగుసార్లు ఈ సంభాషణ జరుగుతుంది. ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ మంగళవారం పొద్దున పక్కనే ఒక కొత్త మనిషి నిలబడి విన్నాడు. బజారుకి వారం కిందట వచ్చిన ఆఫీసరు, పేరు యుగంధర్, అనంతపురం వైపు కుర్రాడు. చొక్కా నలగకుండా పని చేయాలనుకునే వయసు. అతన్ని చూడగానే పెద్దింట్లమ్మ గొంతు పెరిగింది.

"మీరైనా చూడండి బాబుగారూ! ఈ తొక్కలు, ఈ జిగురు, ఈ ఈగలు. నా ఆకు ఎవరు కొంటారండి?"

యుగంధర్ నోటుపుస్తకం తెరిచి సంపూర్ణమ్మ వైపు తిరిగాడు.

"మీ కార్డు ఏదండీ?"

"రేషను కార్డాండి?"

"రైతు కార్డు. మీకు పొలం ఎంతుంది?"

"నాది లేదండి. ఊళ్లో ఉన్న పొలాలన్నిట్లోనూ దిగాను గానీ."

"మరి మీరేం పండిస్తారు?"

"పండించనండి. కొడతాను."

యుగంధర్ కలం ఆపాడు. కోప్పడలేదు పాపం, మర్యాదగానే చెప్పాడు. పండించినవాళ్లే లోపల కూర్చోవాలి. రైతుకీ కొనేవాళ్లకీ మధ్య దళారులు ఉండకూడదనే ఈ బజారు పెట్టారు. ఒకరికి వదిలేస్తే రేపు పదిమంది వస్తారు. అంచేత రేపటి నుంచి గేటు లోపల కుదరదు.

ఏసుపాదం లేచి నిలబడ్డాడు. "అక్క దళారేంటండి? ఆవిడ లేపోతే నా కాయ కాయలాగే ఉంటదండి!"

"రూలు నేను రాయలేదండి," అన్నాడు యుగంధర్.

సంపూర్ణమ్మ కత్తి గుడ్డతో తుడుచుకుంది. గేటు బయటికి పొమ్మన్నందుకు కాదు, దళారి అన్నందుకు ఆమెకి కష్టం వేసింది. పనసపొట్టు కాలం మూడు నెలలు. ఆ మూడు నెలలే ఆమె సంపూర్ణమ్మ. మిగతా తొమ్మిది నెలలూ నాట్లకీ కోతలకీ దిగే ఇరవైమందిలో ఒకతె, పేరు పెట్టి పిలవాల్సిన పని కూడా ఎవరికీ ఉండదు. ఆ చోటు పోతే పోయేది నీడ ఒక్కటే కాదు.

పెద్దింట్లమ్మ కొత్తిమీర కట్టలు కడుతూ తల దించుకుంది. తను అడిగింది తొక్కలు ఎత్తించమని. మనిషిని ఎత్తించమని కాదు. ఆ మాట ఆ క్షణానే పైకి అని ఉంటే సరిపోయేది, అనలేదు.

బుధవారం పొద్దున్న సంపూర్ణమ్మ చింతమొద్దుని గేటు ఎదురుగా, రోడ్డుకి అవతల ఉన్న తూము గట్టు మీదకి దొర్లించుకుంది. తలమీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది. ఎదురుగా గేటు పక్కన యుగంధర్ కొత్త బోర్డు కట్టిస్తున్నాడు. రంగులతో, పనసకాయ బొమ్మతో బోర్డు బాగుంది. 'ఈ వారం మన పంట: పనసకాయ. రైతు దగ్గరే కొనండి. తాజాగా వండుకు తినండి.'

సంపూర్ణమ్మ ఆ బోర్డుని రెండుసార్లు చదివింది. చర్చిలో వాక్యం చదివే మనిషే, చదువులో తప్పు పోదు. ఆమెకి ఏడుపు రావాల్సింది గానీ నవ్వొచ్చింది.

ఆ రోజు బజారులో జరిగింది ఇది. బోర్డు చూసి జనం ఏసుపాదం దగ్గరికి వచ్చారు. కాయని చూశారు. ముళ్లు తడిమారు. "సగం ఇస్తావా?" అని అడిగారు. సగం ఇవ్వాలంటే కొయ్యాలి. ఏసుపాదం కొబ్బరికాయల కత్తితో ఒకటి కోశాడు. పాలు కారి చేతులు, బల్ల, కాటా అన్నీ అంటుకున్నాయి. పొట్టు కొట్టబోతే పొట్టు రాలేదు, పిల్లలు ఆడుకునే చెక్కముక్కల్లాంటివి వచ్చాయి. మొత్తం కాయ పట్టుకెళ్లి రోడ్డు దాటి సంపూర్ణమ్మ దగ్గర కొట్టించుకుందామంటే, ఒక్క ఇంటికి అంత కాయ ఎందుకు? మిగతా ముగ్గుర్ని ఎండలో ఎక్కడ పోగుచేస్తారు? మీనాకుమారి ఇవతలా అవతలా చూసి, బెండకాయలు కొనుక్కుని వెళ్లిపోయింది.

సాయంత్రానికి, కోసింది పోను, ఏసుపాదం కాయలు పది అలాగే ఉన్నాయి. పెద్దింట్లమ్మ కరివేపాకు సగం బుట్ట వాడిపోయింది. ఆవిడ లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని రోడ్డు దాటి వచ్చింది.

"ఇదిగో, నువ్వు పోయాక శుభ్రంగా ఉంది. తొక్కల్లేవు, ఈగల్లేవు."

"మంచిది."

"మనుషులు కూడా లేరు," అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

గురువారం కూడా అంతే. బోర్డు ఒక పక్క పిలుస్తోంది, పనస ఒక పక్క మగ్గుతోంది. యుగంధర్‌కి చిన్నతనంగా అనిపించింది. జనానికి బద్ధకం ఎక్కువైంది, ఎవరో ఒకరు చేసి చూపిస్తే కదులుతారు అనుకున్నాడు. సాయంత్రం ఏసుపాదం దగ్గర ఒక కాయ కొని, స్కూటర్ మీద ముందు పెట్టుకుని గదికి పట్టుకెళ్లాడు. ఏసుపాదం ఏదో చెప్పబోయాడు. ఆఫీసరు ఉత్సాహంలో ఉన్నాడు, వినలేదు. ఏసుపాదం కూడా మరీ గట్టిగా చెప్పలేదనుకోండి.

శుక్రవారం పొద్దున్న యుగంధర్ ఆఫీసు గదిలో హాజరు మిషన్ మీద బొటనవేలు పెట్టాడు. మళ్లీ ప్రయత్నించమంది మిషన్. చూపుడువేలు పెట్టాడు. మళ్లీ ప్రయత్నించమంది. పది వేళ్లూ వరసగా అయిపోయాయి. వేళ్ల మీద గీతలన్నీ నల్లటి జిగురు కింద పూడుకుపోయి ఉన్నాయి. పైగా మిషన్‌కి కూడా కాస్త అంటుకుంది. అతను వేలు లాగితే మిషన్ వేలితో పాటు లేచి వచ్చింది.

చేతులు వెనక్కి దాచుకుని షెడ్డులోకి వచ్చాడు. పెద్దింట్లమ్మ చూడనే చూసింది.

"బాబుగారూ, పనసకాయ కోశారా?"

"కొంచెం."

"నూనె రాసుకోకుండానా?"

"నూనెందుకండీ?"

"జిగురంటితే సబ్బు పెట్టి కడిగారా?"

"మూడుసార్లు."

పెద్దింట్లమ్మ బుట్ట పట్టుకుని నవ్వింది. పక్కన బెండకాయలాయన నవ్వాడు, అరటికాయల తాతగారు నవ్వారు, ఏసుపాదం కాయల వెనక్కి వంగి నవ్వాడు. ఆ షెడ్డులో రెండు రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది. యుగంధర్‌కి కూడా నవ్వొచ్చింది. ఫోన్, తలుపు గడియ, స్కూటర్ తాళం, ఆఖరికి దిండు, ఏవేం అంటుకున్నాయో వరసగా చెప్పాడు.

"దీనికి మందేంటండీ?"

"మందు ఉంది. దాన్నే మీరు గేటు బయట కూచోబెట్టారు," అంది పెద్దింట్లమ్మ.

యుగంధర్ రోడ్డు దాటాడు. సంపూర్ణమ్మ అతని చేతుల్ని చూసింది. అనాల్సిన మాటలు రెండు రోజులుగా కూడబెట్టుకునే ఉంది. అన్నీ అనబోయి ఒక్కటే అంది.

"దళారి చేత్తో ముట్టుకోవచ్చాండి మరి?"

యుగంధర్ తల వంచుకున్నాడు. "ఆ మాట అనకుండా ఉండాల్సిందండి."

"ఇటివ్వండి చెయ్యి."

నువ్వులనూనె అరచేతిలో పోసి ఒక్కొక్క వేలే పట్టుకుని నిమిరింది. జిగురు ముందు మెత్తబడింది, తర్వాత ఉండలు కట్టింది, తర్వాత గుడ్డతో తుడిస్తే ఊడి వచ్చింది. నీళ్లు తగిలితే ఇది పట్టుకుంటుందని, నూనె తగిలితేనే వదులుతుందని చెప్పింది. చెబుతూనే, "కాయేం చేశారు?" అని అడిగింది.

కాయ స్కూటర్ ముందు సంచిలో ఉంది. సగం కోసి సగం వదిలేసిన ఆ కాయని చూసి ఆమె పెదవి విరిచింది. దానికి పసుపు రాసి పెట్టాలని కూడా తెలియదు ఈయనకి. నల్లబడిన భాగం చెక్కి పారేసి, మిగిలింది మొద్దు మీద నిలబెట్టింది.

"ఆవా, ఎండురొయ్యలా?"

"ఏది బాగుంటుందండీ?"

"ఎవరికి వాళ్లది బాగుంటది. మీ అమ్మగారు ఎలా వండేవారు?"

"మా వైపు పండయ్యేదాకా ఆగి తొనలు తింటామండి. పచ్చికాయని ఇలా చెయ్యరు."

"అయితే ఆవతో మొదలెట్టండి."

టకటకమని కత్తి ఆడింది. యుగంధర్ ఫోన్ తీసి రాసుకుందామనుకున్నాడు గానీ నూనె చేతులు. చెవులతో పట్టుకోవాల్సి వచ్చింది. పొట్టులో ఉప్పూ పసుపూ వేసి ఉడకబెట్టాలి. వార్చి, చల్లారాక గట్టిగా పిండాలి, నీరుంటే కూర చప్పబడుతుంది. నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, పెద్దింట్లమ్మ దగ్గర కొన్న కరివేపాకు, నిలువుగా చీరిన పచ్చిమిర్చి. చిక్కటి చింతపండు పులుసు పోసి, అది ఇగిరాక పొట్టు వెయ్యాలి. ఆవాలూ ఎండుమిర్చీ ఉప్పూ కలిపి ముద్ద నూరి విడిగా పెట్టుకోవాలి.

"అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఆవముద్ద పొయ్యి మీద కలపకూడదు. కూర దించి, చెయ్యి పెడితే కాలనంత చల్లారాక కలపాలి. తొందరపడ్డారా, చేదెక్కి కుక్క కూడా ముట్టదు."

ఆ పూట యుగంధర్ గదిలో కూర దించి, ఫ్యాన్ కింద పెట్టి, గిన్నె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ప్రతి రెండు నిమిషాలకీ వేలు పెట్టి చూశాడు. చల్లారాక ఆవ కలిపాడు. వేడన్నంలో మొదటి ముద్ద ముక్కుకి ఎక్కింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండో ముద్దకి అదే కావాలనిపించింది. బోర్డు మీద బొమ్మ వేయించినప్పుడు తనకి ఈ కాయ గురించి ఏమీ తెలియదని అతనికి అప్పుడు తెలిసింది. ఏసుపాదం పండించింది కాయ, తను తింటున్నది కూర, ఈ రెండిటికీ మధ్య ఉన్న మనిషిని తను బయటికి పంపాడు.

తిన్నాక ఆ మధ్యాహ్నమే మళ్లీ రోడ్డు దాటి వచ్చాడు.

"రెండుసార్లు పెట్టుకున్నానండి," అన్నాడు.

"మూడోసారికి మిగల్చలేదా?"

"పిన్నిగారూ, నా చేతుల్లో ఉంటే ఇప్పుడే లోపలికి పిలిచేవాణ్ణి. కార్డున్న రైతయినా అవ్వాలి, ఆ కార్డులో పేరున్న వాళ్లింటి మనిషయినా అవ్వాలి. ఈ రెండూ కాకుండా నేను కూర్చోబెడితే రేపు పైనుంచి వచ్చి అడుగుతారు."

పిన్నిగారూ అన్నాడని అతను గమనించుకోలేదు. సంపూర్ణమ్మ గమనించింది గానీ, అంతకన్నా రూలు మీదే దిగులుపడింది. ఎల్లుండి ఆదివారం చర్చిలో మట్టల పండుగ. అది వెళ్లగానే కాయ ముదరడం మొదలవుతుంది, పొట్టుకి పనికిరాదు. ఈ ఏటికి ఇంతే అనుకుంది. పక్కనే కాయల సంచి పట్టుకుని నిలబడిన ఏసుపాదం మాత్రం ఆ మాటలు విని, సంచి అక్కడే దింపేసి గబగబా షెడ్డులోకి పోయాడు.

శనివారం పొద్దున్న యుగంధర్ టేబుల్ మీద పదకొండు కాగితాలున్నాయి. అన్నీ కార్డులో కుటుంబసభ్యుల పేరు చేర్చమనే దరఖాస్తులే. అన్నిట్లోనూ చేర్చాల్సిన పేరు ఒకటే. అతను సంపూర్ణమ్మకి కబురు పంపాడు. ఆమె వచ్చేసరికి గది గుమ్మం నిండా రైతులు.

"ఏసుపాదం గారు. బంధుత్వం, అక్క," అని చదివాడు యుగంధర్. "బెండకాయల వీర్రాజు గారు. పిన్ని. ములక్కాడల నాగరత్నం గారు. వదిన. అరటికాయల తాతగారు..." కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. "కూతురు?"

"కూతురేనండి," అన్నాడు తాతగారు.

"మీకు డెబ్భై రెండు, ఆవిడకి అరవై."

"చిన్నప్పుడే పుట్టిందండి."

గది గొల్లుమంది. యుగంధర్ నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూడాల్సి వచ్చింది.

"ఏవండీ, ఒక మనిషి పదకొండు కుటుంబాల్లో ఎలా ఉంటారు?"

"ఎప్పట్నుంచో ఉందండి," అన్నాడు ఏసుపాదం. "అలాగే పిలుత్తాం. మేం అబద్ధం ఏం రాయలేదు."

అది నిజమే. ఆ బజారులో ఆమెని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఎవరి నోటికి ఏ వరస వస్తే ఆ వరస. యుగంధర్‌కి నిన్న తను ఏమని పిలిచాడో ఇప్పుడు గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి.

"ఒక్క కార్డులోనే రాయగలను," అన్నాడు. "ఎవరి కార్డో మీరే చెప్పండి."

సంపూర్ణమ్మ కాగితాలు తీసుకుంది. ఒక్కొక్కటే అక్షరం అక్షరం చదివింది. అక్క. పిన్ని. వదిన. పదకొండోది చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. తప్పు చదివానేమోనని మళ్లీ చదివింది. ఆ కాగితం మీద నీటి మరకలున్నాయి, తడి కొత్తిమీర పక్కన పెట్టి రాసిన మరకలు. తలెత్తి చూసింది. గుమ్మంలో పెద్దింట్లమ్మ అటు తిరిగి నిలబడి, ఆకు కట్ట విప్పి మళ్లీ కడుతోంది.

"ఇదండి," అంది సంపూర్ణమ్మ.

ఏసుపాదం గుండెలు బాదుకున్నాడు. "ఇది అన్యాయం అక్కా! కాయలు నావి కదా!"

"నువ్వు అక్కా అని రోజూ పిలుత్తావు, అక్కా అని రాశావు. అందులో ఏముందిరా? ఇది ఇరవై రెండేళ్లలో ఒక్కసారి నన్ను వరస పెట్టి పిలిచిన పాపాన పోలేదు."

యుగంధర్ కాగితం అందుకున్నాడు. బంధుత్వం అన్న చోట వంకర అక్షరాలతో 'తోడికోడలు' అని ఉంది.

"పెద్దింట్లమ్మగారూ, ఈవిడ చర్చికి వెళ్తారు. మీరు అమ్మవారి జాతరకి వెళ్తారు. తోడికోడళ్లు ఎలా అయ్యారండీ?"

పెద్దింట్లమ్మ ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"రోజూ పోట్లాడుకునేవాళ్లని ఇంకేమంటారండి?"

సంపూర్ణమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. ఆమెకి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చింది కూడా. యుగంధర్ కాసేపు కలం కొరికాడు.

"పోనీ 'సహాయకురాలు' అని రాస్తే..."

"దీని కింద నేనా?" అంది సంపూర్ణమ్మ, ఏడుపు ఆపేసి.

"నాకు సాయమెందుకండి? నా ఆకు నేను అమ్ముకోలేనా?" అంది పెద్దింట్లమ్మ అదే క్షణంలో.

యుగంధర్ తోడికోడలు అన్న మాటని అలాగే ఉంచి కింద సంతకం చేశాడు. ముద్ర వేశాడు. వేసి, ఊరికే ఉండక, సరదాకి అడిగాడు.

"ఇంతకీ మీలో పెద్దకోడలు ఎవరండీ?"

"నేను," అన్నారు ఇద్దరూ.

"నీకన్నా ముందు నేనొచ్చాను ఈ బజారుకి," అంది పెద్దింట్లమ్మ.

"వత్తే? వయసులో నేను పెద్ద."

"వయసుతో పనేంటి? ఇంట్లోకి ముందెవరు అడుగెట్టారో వాళ్లే పెద్దకోడలు."

గొడవ గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి షెడ్డులోకి నడిచింది. ఏసుపాదం, బెండకాయల వీర్రాజు వెళ్లి చింతమొద్దుని రోడ్డు దాటించి తెచ్చారు. గేటు దగ్గర మీనాకుమారి సంచి పట్టుకుని, ఇంకో ముగ్గుర్ని అప్పుడే పోగుచేసి నిలబడి ఉంది. పెద్దింట్లమ్మ తన బుట్టలు జానెడు అవతలికి జరుపుకుంటూనే వాదిస్తోంది. సంపూర్ణమ్మ కత్తికి నూనె రాస్తూనే జవాబు చెబుతోంది. పెద్దకోడలెవరో తేలకుండానే ఆ పూట ఆరు కాయలు పొట్టయ్యాయి.